కొత్త కారుకి గుడ్డ పెట్టేముందు నీళ్ళు పొయ్యండి

కొత్త కారు గుమ్మం ముందు ఆగిందంటే మన మధ్యతరగతి ఇళ్ళల్లో అదొక చిన్న గృహప్రవేశమే. చుట్టాలకి ఫోన్లు, వీధిలో అందరికీ స్వీట్లు, దిష్టి తియ్యడాలు, ఆ హడావుడే వేరు. నెల తిరిగేసరికి ఆ సంబరం సద్దుమణుగుతుంది. బ్యాంకు వాయిదాలు మాత్రం అయిదేళ్ళో, ఏడేళ్ళో మిగిలే వుంటాయి. ఆ వాయిదాలు తీరేలోగానే కారు మొహం వెలవెలబోతే ఏ ఇల్లాలి మనసైనా చివుక్కుమంటుంది. రేపు అమ్మాలన్నా, మార్చుకోవాలన్నా కొనేవాళ్ళు ముందు చూసేది రంగునే కదా!

ఇంజను సంగతి మెకానిక్ చూసుకుంటాడు. రంగు సంగతి మాత్రం మన వాకిట్లోనే తేలిపోతుంది. పొద్దున్నే కారు తుడిచే అబ్బాయికి బకెట్టు, గుడ్డ అందించేది మనమే. పూజ రోజున పసుపు కుంకుమలు పెట్టేదీ మనమే. పైగా ఈ రోజుల్లో స్వయంగా కారు నడుపుకునే ఆడవాళ్ళు కూడా ప్రతి కాలనీలోనూ వున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

మేముండేది పటాన్‌చెరు దగ్గర. రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్. దాటిన దగ్గర్నుంచి ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది మీదుగా సంగారెడ్డి వరకు 65వ నంబరు జాతీయ రహదారి పొడవునా ఫ్యాక్టరీలు, లారీలు, కొత్త వెంచర్లే. ఇదే జిల్లాలో జహీరాబాదులో మహీంద్రా వాళ్ళ బండ్లు తయారవుతాయి, సదాశివపేటలో ఎమ్మారెఫ్ టైర్లు తయారవుతాయి. బండ్లు పుట్టే జిల్లాలో వుంటున్నా, బండి ఒంటిమీది రంగు గురించి మనకి తెలిసింది తక్కువే.

అసలు విషయం ముందే చెప్పేస్తున్నాను. ఎండా వానా రంగుని పాడుచేస్తాయి, నిజమే. కానీ కొత్త కారుకి మొదటి దెబ్బ తగిలేది పొడిగుడ్డ పట్టుకున్న చేతితోనే.

రంగు మందం ఎంతో తెలుసా?

కారు రేకు మీద వున్నది ఒకటే పూత కాదండీ. ముందు రేకుకి తుప్పు పట్టకుండా రసాయనాల స్నానం చేయిస్తారు. తర్వాత కరెంటు సాయంతో ఒక ప్రైమర్ పూత అంటిస్తారు. దానిమీద ఇంకో ప్రైమర్, ఆపైన మనం ఇష్టపడి ఎంచుకున్న రంగు, అన్నిటికీ పైన ఏ రంగూ లేని అద్దంలాంటి పూత. దీన్నే క్లియర్ కోట్ అంటారు. ఆ తళతళంతా ఈ పై పూతదే.

ఇన్ని పూతలూ కలిపితే సుమారు 100 నుంచి 130 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు మాత్రమే. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు వుంటుంది. అంటే లక్షలు పోసి కొన్న కారు మెరుపంతా వెంట్రుక కంటే పల్చటి పొర మీద ఆధారపడి వుందన్నమాట!

మన చిన్నప్పటి అంబాసిడర్లకి, ఫియట్లకి ఈ పై పూత వుండేది కాదు. మైనం పెట్టి రుద్దితే గుడ్డకి కారు రంగే అంటుకునేది. పాత డ్రైవర్లు కొందరు ఇప్పటికీ కారు పెయింటుని 'డ్యూకో' అంటారు. అది అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1920లలో తెచ్చిన పెయింటు పేరు. అంతకుముందు ఒక్కో కారుకి రంగు వేసి ఆరబెట్టాలంటే వారాల తరబడి పట్టేది. డ్యూకో వచ్చాక ఆ పని గంటల్లోకి వచ్చేసింది. ఆ పేరు ప్రపంచమంతా పాకి మన మెకానిక్ షెడ్ల దాకా వచ్చింది.

ఆ పాత బండ్ల అలవాట్లే మనకి మిగిలిపోయాయి. రంగు మాసిందనగానే గట్టిగా రుద్ది మెరుగు పెట్టించడం అందులో ఒకటి. ఇప్పటి కారుకి మెరుగు పెట్టిన ప్రతిసారీ క్లియర్ కోట్ కొంత అరుగుతుంది. అరిగింది తిరిగి రాదు. నాన్‌స్టిక్ పెనం మీద స్టీలు పీచు పెడితే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా! ఇదీ అంతే.

పొడిగుడ్డతోనే అసలు తంటా

దుమ్ములో కంటికి ఆనని ఇసుక రేణువులు వుంటాయి. ఇసుక అద్దాన్ని కూడా గీస్తుంది, ఇక ఈ పల్చటి పూత ఎంత? పొడిగుడ్డతో గానీ, ఈకల కుంచెతో గానీ దుమ్ము తుడిచామంటే ఆ రేణువుల్ని బానెట్ మీద ఈ చివర నుంచి ఆ చివరికి ఈడ్చినట్టే.

నమ్మకం కలగకపోతే ఎండలో నిలబెట్టిన కారు బానెట్ మీద సూర్యుడి నీడ పడే చోట చూడండి. ఆ వెలుగు చుట్టూ సాలెగూడులాగా గుండ్రంగా సన్నటి గీతలు కనిపిస్తాయి. అవి చాలావరకు తుడవడం వల్ల వచ్చినవే. నలుపు, ముదురు నీలం, మెరూన్ కార్ల మీద బాగా తెలుస్తాయి. తెల్లకారు మీద సరిగా కనిపించవు గానీ అక్కడా వుంటాయి.

మా కాలనీలో ఒక అబ్బాయి పొద్దున్న ఆరింటికే వచ్చి పది కార్లు తుడుస్తాడు. ఒకటే బకెట్టు, ఒకటే గుడ్డ. మొదటి కారు దుమ్ము రెండోదానికి, రెండోదాని దుమ్ము మూడోదానికి! ఒకరోజు ఆపి, "ముందు నీళ్ళు పొయ్యి నాయనా, తర్వాత గుడ్డ పెట్టు" అన్నాను. "అమ్మా, గట్ల నీళ్ళు పోసుకుంట కూసుంటే పది కార్లు ఎప్పుడు తుడవాలె? ఎనిమిదింటికి కంపెనీ బస్సు ఎక్కాలె" అన్నాడు.

అతను అన్నదాంట్లో న్యాయం వుంది. జీతం ఇచ్చేది రోజూ తుడిచినందుకే కదా మరి! అందుకని మేము ఆ పద్ధతే మార్చాం. రోజూ తుడవొద్దు, వారానికి రెండుసార్లు సరిగా కడుగు, జీతం మాత్రం అంతే అన్నాం. మా కారుకి బకెట్లు, గుడ్డలు మేమే విడిగా పెట్టాం. అతనికీ తెరిపి, కారుకీ మేలు.

రోజూ తుడవకపోతే పక్కింటి వదినగారు ఏమనుకుంటారో అని బెంగ పెట్టుకోకండి. పొడి దుమ్ము రెండు మూడు రోజులు కారుమీద కూర్చున్నంత మాత్రాన వచ్చే నష్టం లేదు. దాన్ని రుద్దితేనే నష్టం. రోజూ తప్పకుండా శుభ్రం చెయ్యాల్సినవి ముందు అద్దం, వెనక అద్దం, పక్క అద్దాలు. దారి కనపడాలి కదా! వాటిమీద కూడా ముందు మగ్గుతో నీళ్ళు పోసి, తర్వాతే గుడ్డ పెట్టండి.

మన వైపు దుమ్ము వేరు

పల్లెల్లో దుమ్ము మట్టి దుమ్మే. మన ఫ్యాక్టరీల ప్రాంతంలో దానికి బాయిలర్ల బూడిద, డీజిలు మసి, వెల్డింగు, గ్రైండింగు షెడ్ల నుంచి ఎగిరే ఇనుప రజను తోడవుతాయి. ఇనుప రజను బ్రేకుల నుంచి కూడా వస్తుంది. అది కారుమీద వాలి, రాత్రి మంచుకి తడిసి, అక్కడే తుప్పు పట్టి పూతలో నాటుకుంటుంది. తెల్లకారు మీద సూదిమొనంత నారింజరంగు చుక్కలు కనిపిస్తే రేకు తుప్పు పట్టిందని కంగారుపడకండి. చాలాసార్లు అది బయటినుంచి వచ్చి వాలిన ఈ రజనే.

దీన్ని కనిపెట్టడానికి ఒక తేలికైన చిట్కా వుంది. కారు బాగా కడిగి ఆరాక, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్ మీద నెమ్మదిగా, బరువు వెయ్యకుండా నిమరండి. నున్నగా జారితే సరే. బొంబాయి రవ్వ మీద చెయ్యి పెట్టినట్టు గరగరలాడితే రజను పట్టిందని అర్థం. గోటితో గీకడం, పీచుతో రుద్దడం చెయ్యకండి. దీనికోసమే ఇనుపరజను కరిగించే ద్రవాలు దొరుకుతాయి. చల్లగానే రజను వున్నచోట ఊదారంగు తిరుగుతుంది, కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. చేతులకి తొడుగులు వేసుకుని, సీసామీద రాసిన నిమిషాల లోపలే కడిగెయ్యాలి. దీనితో పోకపోతే బంకమట్టి ముద్దలాంటి క్లే బార్ తో తీయిస్తారు. అది అలవాటున్న చేతితోనే, ఏడాదికి ఒకటి రెండుసార్లే చేయించండి.

ఇంట్లో వాళ్ళు ఫ్యాక్టరీకి కారులో వెళుతుంటే ఇంకో మాట చెప్పండి. గాలి ఎటు వీస్తోందో చూసి, పొగగొట్టం పొగ తమవైపు రాని చోట కారు పెట్టుకోమనండి.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలను పరీక్షించి తీవ్రంగా కలుషితమైనవాటి జాబితా వేసినప్పుడు, అందులో మన పటాన్‌చెరు - బొల్లారం పేరు కూడా వుంది. కారుమీద వాలేది మనం డాబామీద ఎండబెట్టే వడియాల మీదా, పసిపిల్లల బట్టల మీదా వాలకుండా వుంటుందా? ఏ రోజైనా పొద్దున్న లేచేసరికి కారుమీద ఘాటు వాసనతో జిగురుపొర కనిపిస్తే కడిగేసి వూరుకోకండి. ముందు ఫోటో తీసి, తేదీ, టైము రాసి, నలుగురు ఇల్లాళ్ళూ కలిసి కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు ఇవ్వండి. ఆ తర్వాత కారు కడుక్కోండి.

కడిగే పద్ధతి ఇదీ

కారుకి స్నానం కూడా పసిపిల్లకి పోసినట్టే, పైనుంచి కిందికి, మెత్తగా.

1. నీడలో, పొద్దున్నే గానీ సాయంత్రం గానీ కడగండి. మన మే నెల ఎండకి నల్లకారు బానెట్ 60 డిగ్రీలు దాటి కాలుతుంది. దానిమీద షాంపూ పోస్తే కడిగేలోపే ఎండి మచ్చలు కడుతుంది. బానెట్ మీద అరచెయ్యి ఆనించి, చల్లగా వుంటేనే మొదలుపెట్టండి.

2. ముందు మగ్గుతో గానీ పైపుతో గానీ పైనుంచి ధారాళంగా నీళ్ళు పొయ్యండి. ఏ గుడ్డా వద్దు. సగం దుమ్ము దీనితోనే పోతుంది.

3. రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదాంట్లో కారు షాంపూ కలిపిన నీళ్ళు, రెండోదాంట్లో వుత్త నీళ్ళు. మైక్రోఫైబర్ గుడ్డని షాంపూలో ముంచి ఒక డోరు కడిగి, వుత్త నీళ్ళల్లో జాడించి, మళ్ళీ షాంపూలో ముంచండి. అప్పుడు మట్టి వుత్త నీళ్ళ బకెట్టులోనే వుండిపోతుంది.

4. మొదట పైకప్పు, తర్వాత అద్దాలు, బానెట్, డోర్ల పై భాగం, చివరికి కింది అంచులు. చక్రాలకి వేరే గుడ్డ, వేరే నీళ్ళు. చక్రాల గుడ్డ పొరపాటున కూడా బానెట్ మీదికి రాకూడదు.

5. బరువు వేసి రుద్దకండి. గుండ్రంగా కాకుండా నిలువుగానో, అడ్డంగానో తిన్నగా తుడవండి.

6. గుడ్డ నేలమీద పడిందా? ఇంక ఆ రోజుకి దాన్ని పక్కన పడెయ్యండి.

గిన్నెలు తోమే సబ్బు, బట్టల సబ్బు పొడి కారుకి వద్దే వద్దు. జిడ్డు వదిలించడం వాటి పని. కారుకి పెట్టిన మైనం కూడా వాటికి జిడ్డే, వూడ్చేస్తాయి. పైగా పొడి కరగకుండా మిగిలిన పలుకులు గీతలు పెడతాయి. మైక్రోఫైబర్ గుడ్డల్ని నూలు బట్టలతో కలిపి ఉతక్కండి, నూలుపీచు అంటుకుంటుంది. బట్టలు మెత్తబడటానికి వేసే ద్రవం కూడా వాటికి వెయ్యకూడదు.

నీళ్ళ ఖర్చు గురించి కూడా చెప్పుకోవాలి. వేసవిలో బోర్లు ఎండి ట్యాంకర్లు పిలిపించుకునే కాలనీలు మనవైపు వున్నాయి. పైపు వదిలేసి అరగంట కడిగితే, నిమిషానికి 10 లీటర్లనుకున్నా 300 లీటర్లు పోయినట్టే. ఈ బకెట్ల పద్ధతిలో, ముందు పోసే నీళ్ళూ చివర కడిగే నీళ్ళూ కలిపినా 60, 70 లీటర్లతో తేలిపోతుంది.

బోరు నీళ్ళ తెల్లమచ్చలు

గీజరు కాయిలుకి, నీళ్ళు కాచే గిన్నె అడుక్కి తెల్లటి పెచ్చు కట్టడం మనందరికీ తెలుసు. బోరు నీళ్ళల్లోని సున్నం లాంటి లవణాలే అవి. ఆ నీళ్ళతో కారు కడిగి అలాగే ఆరనిస్తే చుక్క చుక్కకీ ఒక తెల్ల వలయం మిగులుతుంది. ఎండలో పదే పదే ఎండితే ఆ వలయం పూతలోకి దిగిపోతుంది.

కడగ్గానే పొడిగా వున్న పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలు పరిచి నీళ్ళు అద్దేయండి. వీలుంటే చివరి బకెట్టు వరకైనా కుళాయిలో వచ్చే మంజీరా నీళ్ళు వాడండి. అప్పటికే మచ్చలు కట్టివుంటే, కిరాణా షాపులో దొరికే తెల్ల వెనిగరుకి సమానంగా నీళ్ళు కలిపి, గుడ్డ తడిపి మచ్చమీద అర నిమిషం అద్ది, వెంటనే మంచినీళ్ళతో కడిగెయ్యండి. ముందు కనపడని మూల ఒకచోట చేసి చూసుకోండి. అది మైనాన్ని కూడా తీసేస్తుంది కాబట్టి ఆ చోట మళ్ళీ మైనం పెట్టాలి.

పూజ రోజు జాగ్రత్తలు

మన వైపు కొత్తబండి కొంటే రుద్రారం గణేశ్‌గడ్డ దగ్గర ఆపి పూజ చేయించుకునే వాళ్ళు ఎంతోమంది. దసరాకి ఆయుధపూజ ఎలాగూ వుంటుంది. పూజ మానమని ఎవరూ చెప్పరు. కాస్త చోటు మార్చుకుంటే చాలు.

తడిపసుపుతో స్వస్తిక్ వేసేది బానెట్ మీద కాకుండా అద్దం మీద, నడిపేవాళ్ళ చూపుకి అడ్డం రాని మూల వెయ్యండి. అద్దానికి మరక పట్టదు. తెల్లకారు బానెట్ మీద పసుపు, రంగు కలిసిన కుంకుమ గంటల తరబడి వుంటే మరక దిగుతుంది. దిగినా రుద్దకండి. పసుపు రంగు ఎండకి తానే క్రమంగా వెలిసిపోతుంది. పూలదండ ఇనుప తీగతో గుచ్చింది కాకుండా దారంతో కట్టింది తీసుకోండి. కారు కదిలేటప్పుడు తీగ కొన రంగుని గీరేస్తుంది. కొబ్బరికాయ నేలమీదే కొట్టండి. చిందిన నీళ్ళని, నిమ్మరసాన్ని ఇంటికి రాగానే కడిగెయ్యండి. కర్పూర హారతి కాస్త దూరం నుంచి చాలు. దేవుడికి అందుతుంది!

పెళ్ళికి కారు అలంకరించినప్పుడు అంటించిన టేపు జిగురుని కత్తితో గీకకండి. కొంచెం కొబ్బరినూనె రాసి కాసేపు నానబెట్టి తుడిచేసి, షాంపూతో కడగండి.

రెట్టలు, చెట్టు జిగురు, తారు

వేపచెట్టు నీడ చల్లగా వుంటుందని కారు అక్కడే పెడతాం. పైనుంచి పిట్టలు రెట్ట వేస్తాయి. ఎండకి క్లియర్ కోట్ కొంచెం మెత్తబడి వ్యాకోచిస్తుంది, సాయంత్రానికి మళ్ళీ గట్టిపడుతుంది. అప్పటికి ఎండిన రెట్ట దానిమీద వుంటే ఆ అచ్చు అలాగే పడిపోతుంది. అందుకే రెట్టని సాయంత్రం దాకా వుంచకండి. తడిగుడ్డ దానిమీద వేసి అయిదారు నిమిషాలు నాననిచ్చి, పైకి ఎత్తినట్టు తియ్యండి. రుద్దకండి. కానుగచెట్టు కింద పడే జిగురుకీ ఇదే మందు. కొత్తగా వేసిన రోడ్డుమీద వెళ్ళొచ్చాక కింది అంచులకి తారుచుక్కలు అంటితే మళ్ళీ కొబ్బరినూనే. పది నిమిషాలు నానిందంటే గుడ్డకి వచ్చేస్తుంది. తర్వాత షాంపూతో జిడ్డు కడిగెయ్యండి.

మైనమా, కోటింగా?

షోరూములో తాళాలు ఇచ్చేముందే ఆ కోటింగు, ఈ కోటింగు అని చెబుతారు. సంబరంలో వుంటాం కాబట్టి తల వూపేస్తాం. ఏది ఏమిటో తెలుసుకుని డబ్బు పెట్టండి.

మైనం అన్నిటికంటే చవక. మంచి మైనాల్లో బ్రెజిల్ దేశపు ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నోబా కలుపుతారు. మన ఎండలకి ఒకటి రెండు నెలలు వుంటుంది. ఇంట్లోనే నీడలో పెట్టుకోవచ్చు. ఫ్యాక్టరీలో వేసిన రంగుని అక్కడే వేడిగదిలో కాల్చి గట్టిపరుస్తారు కాబట్టి కొత్త కారుకి మొదటివారమే మైనం పెట్టొచ్చు. షెడ్డులో మళ్ళీ రంగు వేయించిన డోరుకి మాత్రం ఒకటి నుంచి మూడు నెలలు ఆగాలి. ఎన్నాళ్ళో ఆ పెయింటర్నే అడగండి.

సిరామిక్ కోటింగ్ గాజులాంటి చాలా పల్చటి పొర. నీళ్ళు జారిపోతాయి, మురికి తేలిగ్గా వదులుతుంది, ఎండకి కాపు. అయితే పొడిగుడ్డ గీతల్ని, రాళ్ళ దెబ్బల్ని అది ఆపలేదు. బోరు నీళ్ళ మచ్చలు దానిమీదా పడతాయి. రాళ్ళ దెబ్బకి ఆగేది పారదర్శకమైన ప్లాస్టిక్ ఫిల్ము. కారు మొత్తానికి వేయించడం చాలా ఖరీదు. రోజూ హైవేమీద లారీల వెనక పోయేవాళ్ళు ముందు బంపరుకి, బానెట్ కి వరకు వేయించుకుంటే సరిపోతుంది. ఏది వేయించినా ఎన్నేళ్ళు హామీ, ఏం చేస్తే హామీ పోతుంది అన్నది కాగితం మీద రాయించుకోండి.

కవరు వేసేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. దుమ్ముకారుకి కవరు వేస్తే గాలికి కవరు కదిలినప్పుడల్లా గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. కడిగి ఆరిన కారుకే కవరు. తడికారుకీ వద్దు, ఆవిరి లోపలే వుండిపోతుంది. రాయి తగిలి రేకు బయటపడితే వానాకాలం రాకముందే ఆ రంగు చిన్న సీసా తెచ్చి చుక్క పెట్టించండి. కారుమీద అంటించిన కాగితంలో రంగు నంబరు వుంటుంది, అది చూపిస్తే సరైనది ఇస్తారు.

ఇవన్నీ గుర్తుండకపోయినా ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. ముందు నీళ్ళు, తర్వాతే గుడ్డ. రేపు పొద్దున్న కారు తుడిచే అబ్బాయి వచ్చినప్పుడు అతని చేతిలో పొడిగుడ్డ తీసుకుని, రెండు బకెట్లూ మగ్గూ ఇచ్చి చూడండి.